గూఢచారి వాచీ కోసం అప్పు: ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 35 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇంట్లో నాది ఒక్కడి సంపాదనే. చేతికి వచ్చే జీతం నెలకు 1,42,000 రూపాయలు. ఇంటి రుణం వాయిదా 46,000, ఇంకా రెండేళ్లు కట్టవలసిన కారు వాయిదా 14,500, పాప బడి ఫీజుతో కలిపి ఇంటి ఖర్చు 45,000, తెనాలిలో ఉన్న అమ్మానాన్నలకు పంపేది 15,000. బ్యాంకులో 1,90,000 ఉంది. జేమ్స్ బాండ్ ‘నో టైమ్ టు డై’ చిత్రంలో ధరించిన రకం ఒమేగా సీమాస్టర్ టైటానియం వాచీ ఒకటి, పెట్టె, కాగితాలతో సహా, సెకండ్ హ్యాండ్‌లో 6,80,000కు వస్తోంది. 1,80,000 నా సొమ్ము పెట్టి, మిగిలిన 5 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవాలని ఉంది. 25 పౌండ్లకు కొన్న ఒక బాండ్ వాచీ వేలంలో లక్ష పౌండ్లు దాటిందని చదివాను కనుక దీన్ని పెట్టుబడిగానే చూస్తున్నాను. పర్సనల్ లోన్ కంటే నా భార్య బంగారంపై రుణం గాని, క్రెడిట్ కార్డుపై వడ్డీ లేని వాయిదాలు గాని మేలంటారా? ఆదివారంలోగా 10,000 టోకెన్ ఇవ్వమని డీలర్ అడుగుతున్నారు.

జవాబు: మీరు ఈ అప్పు చేయవద్దు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం, ఇందులోని పొరపాటు మీ ఒక్కరిదే కాకపోవడం. మనసు పడిన వస్తువుకు ముందుగా పెట్టుబడి అని పేరు పెట్టుకోవడం, ఆ పేరు చూసుకుని అప్పుకు ధైర్యం తెచ్చుకోవడం, వాయిదా నెల జీతంలో ఇముడుతుందా అన్న లెక్క ఒక్కటే వేసుకుని తృప్తి పడడం నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఒకరి విషయంలో అది ఖరీదైన బైకు, మరొకరి విషయంలో కెమెరా, ఇంకొకరి విషయంలో ఊరికి దూరంగా కొన్న స్థలం. అందరి లెక్కల్లోనూ వాయిదా ఇముడుతుంది. జీతం ఆగిన నెలలో ఇల్లు ఎలా నడుస్తుందన్న ప్రశ్న మాత్రం ఆ కాగితం మీద ఎక్కడా కనిపించదు.

మీ అంకెలనే తీసుకుందాం. ఇంటి రుణం, కారు, ఇంటి ఖర్చు, తల్లిదండ్రులకు పంపేది కలిపితే నెలకు 1,20,500 రూపాయలు తప్పనిసరిగా బయటికి వెళ్తున్నాయి, 21,500 మిగులుతున్నాయి. మీ దగ్గర ఉన్న 1,90,000 ఈ ఖర్చుకు నెలన్నర మాత్రమే సరిపోతుంది. ఒక్కరి జీతం మీద నడుస్తూ, ఇంటి రుణం కూడా ఉన్న కుటుంబానికి కనీసం ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా ఉండాలి. మీ ఇంటికి అది 7,23,000 రూపాయలు. వాచీ ఊసే ఎత్తకముందే మీకు 5,33,000 లోటు ఉందన్నమాట. వాచీ కొన్న మర్నాడు మీ ఖాతాలో మిగిలేది 10,000. రోజుకు సుమారు 4,000 ఖర్చయ్యే మీ ఇంట్లో అది రెండున్నర రోజుల సొమ్ము. చిన్న పాప, పెద్దవాళ్లైన తల్లిదండ్రులు ఉన్న మనిషి రెండున్నర రోజుల సొమ్ముతో మూడేళ్ల అప్పులోకి అడుగు పెట్టడం చూసి ఊరుకోవడం నా వల్ల కాదు.

కొన్నేళ్ల క్రితం నా దగ్గర సలహా తీసుకున్న ఒక ఉద్యోగికి పని పోయింది. ఆయన జీతం మీ జీతం కంటే ఎక్కువే, అనుభవమూ ఎక్కువే. అయినా మళ్లీ ఉద్యోగం దొరకడానికి ఏడు నెలలు పట్టింది. మొదటి రెండు నెలలు ఉన్న పొదుపుతో గడిచాయి. మూడో నెలలో క్రెడిట్ కార్డు మీద నగదు తీయడం మొదలైంది. ఐదో నెలలో ఇంట్లోని బంగారం తాకట్టుకు వెళ్లింది, ఆ నెలలోనే చేతి వాచీని కొన్న ధరలో దాదాపు సగానికి అమ్మేశారు. వాచీలో లోపమేమీ లేదు. అమ్మేవారికి డబ్బు తక్షణం కావాలని కొనేవారికి తెలిసిపోయింది, అంతే. ఇంటి రుణం వాయిదా మాత్రం ఆ ఏడు నెలలూ ప్రతి నెలా అదే తేదీకి వచ్చింది. అత్యవసర నిధి గురించి నేను ప్రతి జవాబులోనూ పట్టుబడతానని కొందరు పాఠకులు విసుక్కుంటారు. ఆ ఏడు నెలలు దగ్గరుండి చూసినవాణ్ణి కనుక పట్టుబడుతూనే ఉంటాను.

ఇప్పుడు పెట్టుబడి మాటకు వద్దాం. మీరు చదివిన వేలం నిజమే. 1965 నాటి ‘థండర్‌బాల్’ అనే బాండ్ చిత్రంలో రేడియేషన్‌ను పసిగట్టే పరికరంగా చూపిన బ్రైట్‌లింగ్ టాప్ టైమ్ వాచీ అది. దాన్ని ఒకరు బ్రిటన్‌లో పాత సామాన్ల సంతలో 25 పౌండ్లకు కొన్నారు, 2013లో క్రిస్టీస్ వేలంలో అది లక్ష పౌండ్లు దాటింది. అయితే ఆ సొమ్ము పలికింది చిత్రం కోసం ప్రత్యేకంగా మార్చి తయారు చేసిన ఆ ఒక్క వస్తువుకు. అదే కాలంలో దుకాణంలో మామూలు టాప్ టైమ్ కొనుక్కున్నవారికి ఆ ధర రాదు. 1973లో వచ్చిన ‘లివ్ అండ్ లెట్ డై’లో బాండ్‌గా నటించిన రోజర్ మూర్ ధరించిన, అంచు రంపంలా తిరిగే రోలెక్స్ సబ్‌మెరైనర్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది: 2015లో జెనీవాలో జరిగిన ఫిలిప్స్ వేలంలో అది 3,65,000 స్విస్ ఫ్రాంకులు పలికింది, కానీ దాని లోపల సమయం చూపించే యంత్రమే లేదు. అక్కడ కొన్నవారు సినిమా చరిత్రలోని ఒక ముక్కను కొన్నారు. మీకు వస్తున్నది దుకాణాల్లో అమ్మడానికి కర్మాగారంలో తయారైన వాచీ. ‘నో టైమ్ టు డై’లో బాండ్‌గా నటించిన డేనియల్ క్రెయిగ్ చేతికి ఉన్నది కాదు. ఈ టైటానియం నమూనాను ఇన్ని మాత్రమే చేస్తామని సంఖ్య పెట్టి కూడా తయారు చేయలేదు. సంఖ్య పెట్టిన వాటినైనా చూడండి: 2012లో బాండ్ చిత్రాలకు యాభై ఏళ్లు నిండినప్పుడు ఒమేగా తెచ్చిన పెద్ద సైజు సీమాస్టర్ 11,007, 2015లో ‘స్పెక్టర్’ కోసం తెచ్చిన సీమాస్టర్ 300 రకానివి 7,007. వేలల్లో ఉన్న వస్తువును అరుదైనదిగా లెక్కవేసి అప్పు చేయకూడదు.

బాండ్ వాచీ అనేది ఎప్పుడూ ఒకే కంపెనీది కూడా కాదు. బాండ్ పాత్రను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ నవలల్లో ఆ గూఢచారి చేతికి రోలెక్స్ ఉంటుంది, 1962లో వచ్చిన తొలి చిత్రంలో షాన్ కానరీ ధరించినదీ రోలెక్స్ సబ్‌మెరైనరే. 1977 నాటికి రోజర్ మూర్ చేతికి సీకో డిజిటల్ వాచీ వచ్చింది. 1995లో ‘గోల్డెన్‌ఐ’తో పియర్స్ బ్రాస్నన్ చేతికి ఒమేగా సీమాస్టర్ చేరింది, అప్పటి నుంచి ఒమేగాయే కొనసాగుతోంది. ఈ అనుబంధం ఎంత ముచ్చటైనదో నాకు తెలుసు, మీ ఇష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఒక చిత్రంతో వచ్చిన మోజు ధరను ఎప్పటికీ నిలబెడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఖరీదైన వాచీల సెకండ్ హ్యాండ్ ధరలు 2022 తొలి నెలల్లో శిఖరానికి చేరి ఆ తరువాత బాగా పడిపోయాయి. ధర ఇంకా పెరుగుతుందని ఆ శిఖరం దగ్గర కొన్నవారు చాలామంది నష్టపోయారు. స్విట్జర్లాండ్ తదితర దేశాలతో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది, దాని ప్రకారం స్విస్ వాచీలపై దిగుమతి సుంకం దశలవారీగా తగ్గుతుంది. కొత్త వాటిపై పన్ను భారం తగ్గుతున్న కాలంలో పాత వాచీకి ధర పెరుగుతుందని ఆశించడం నాకు సబబుగా తోచడం లేదు.

మీ అప్పు లెక్క ఇది. 5 లక్షలకు 14 శాతం వడ్డీతో 36 నెలలకు వాయిదా సుమారు 17,089 అవుతుంది. మొత్తం మీద 6,15,000 కడతారు, అందులో వడ్డీ 1,15,000. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. వాచీ మీకు పడే అసలు ధర 7,95,000. ఈ సొమ్ము వెనక్కి రావాలంటే మూడేళ్లు వాడిన వాచీని అంత ధరకు కొనే మనిషి దొరకాలి. కొన్న వారానికే తిరిగి తెస్తే 6,80,000కు తీసుకుంటారా అని అదే డీలర్‌ను అడిగి చూడండి. ఆయన చెప్పే అంకెలోనే మీ పెట్టుబడి సంగతి తేలిపోతుంది. ఇలాంటి యాంత్రిక వాచీకి ఐదు నుంచి ఎనిమిదేళ్లకోసారి పూర్తి సర్వీసింగ్ కూడా చేయించాలి.

మీ శ్రీమతి బంగారాన్ని ఇందులోకి లాగకండి. ఇంట్లో అన్ని దారులూ మూసుకున్న రోజున మిగిలే ఆఖరి ఆధారం అది, దాన్ని వాచీ కోసం తాకట్టు పెట్టే ఆలోచనే సరికాదు. వడ్డీ లేని కార్డు వాయిదాలన్న మాటను నమ్మకండి. వడ్డీ లేని రుణం అనేది ఉండదని, ఆ భారాన్ని ఫీజు రూపంలోనో, వదులుకున్న తగ్గింపు రూపంలోనో కొనుగోలుదారే మోస్తాడని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది.

ఆరోగ్య బీమా గురించి మీరు రాయలేదు. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ ఒక్కటే ఉంటే, ఉద్యోగంతో పాటు అదీ పోతుంది కనుక కుటుంబానికి సొంత పాలసీ, మీ పేరిట టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్ము ఇచ్చే జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల సంగతి అత్యవసర నిధి నిండిన తరువాత చూసుకోవచ్చు.

వాచీని వదులుకోమని నేను అనడం లేదు, వరుస మార్చమంటున్నాను. నెలకు మిగిలే 21,500ను ముట్టుకోకుండా పక్కన పెడితే, కారు అప్పు తీరే రెండేళ్ల నాటికి మీ దగ్గర 7,06,000 ఉంటుంది. అప్పు చేసి వాచీ కొంటే అదే రోజుకు మీ దగ్గర ఉండేది దాదాపు 1,16,000, పైగా ఇంకో ఏడాది వాయిదాలు మిగిలే ఉంటాయి. ఇరవై ఐదో నెలకు మీ ఆరు నెలల నిధి నిండుతుంది. అక్కడి నుంచి కారు వాయిదా సొమ్ము కూడా కలిసి నెలకు 36,000 చొప్పున దాస్తే, మరో పందొమ్మిది నెలల్లో 6,80,000 చేతిలో ఉంటుంది. అంటే మొత్తం 44 నెలలు. ఇప్పుడు అప్పు చేస్తే అది తీరడానికి పట్టే సమయం కంటే ఎనిమిది నెలలు మాత్రమే ఎక్కువ. ఈ లెక్కలో జీతం పెరుగుదలను, బోనస్‌ను, డిపాజిట్లపై వచ్చే వడ్డీని నేను కలపలేదు. బీమా ప్రీమియం వల్ల మరికొన్ని నెలలు పట్టవచ్చు. ఆ రోజు మీరు వాచీ కొంటే దాని మీద ఏ బ్యాంకుకూ హక్కు ఉండదు, ఇంట్లో ఆరు నెలల ఖర్చు కదలకుండా ఉంటుంది, మీ శ్రీమతి బంగారం బీరువాలోనే ఉంటుంది.

ఆదివారంలోగా టోకెన్ ఇవ్వవద్దు. డీలర్‌కు ఈ రోజే ఫోన్ చేసి కొనడం లేదని స్పష్టంగా చెప్పండి. ఉన్న 1,90,000లో 40,000 పొదుపు ఖాతాలో ఉంచి, మిగతా లక్షన్నరను ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. జీతం పడిన మర్నాడే 21,500 దానంతట అదే వెళ్లిపోయేలా రికరింగ్ డిపాజిట్ తెరవండి. మొదటి విడత వచ్చే జీతం నుంచే మొదలవ్వాలి.