పాలిమర్ బుడగల మీద రాస్తున్న అమ్మాయికి

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. నానోవెసికిల్స్ గురించి, అంటే జన్యు సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏను మందుగా కణంలోకి చేర్చే అతిసూక్ష్మ బుడగల గురించి, తెలుగులో రాయాలని నీకు తోచడమే ముచ్చటేసింది. కానీ మొదటి పేరాలోనే క్యాన్సర్ నయం చేసేశావు! అంత తొందరెందుకు? ముందు చిక్కేమిటో చెప్పు.

ఆ చిక్కు రోజూ నీ చేతుల మీదే ఉంటోంది. ల్యాబులో ఆర్‌ఎన్‌ఏతో పని మొదలుపెట్టే ముందు నువ్వు గ్లౌజులు తొడుక్కునేది నీ కోసం కన్నా దాని కోసమే. చర్మం మీదుండే ఎంజైములు చాలు, దాన్ని తునాతునకలు చేయడానికి. రక్తంలోనూ అలాంటివే కాచుకుని ఉంటాయి. వాటిని తప్పించుకున్నా, అంత పెద్ద అణువు, పైగా రుణావేశం ఉన్నది, కణత్వచాన్ని తనంతట తాను దాటలేదు. ఇది చెప్పాక బుడగను తీసుకురా, పాఠకుడే ఎదురొస్తాడు.

బుడగ పుట్టుక నువ్వు బాగానే రాశావు: ఒక కొస నీటిని కోరేది, రెండో కొస నీటికి దూరం జరిగేది అయిన పాలిమర్ గొలుసులు నీటిలో వాటంతట అవే గోడ కట్టుకుని మూసుకుంటాయి. కణం తన లిపిడ్లతో, అంటే కొవ్వు అణువులతో, చేసే పనే ఇది. 1999లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన పాలిమర్‌సోముల (ఈ పాలిమర్ బుడగల పేరే అది) గోడ మందం సుమారు 8 నానోమీటర్లు. లిపిడ్ పొర అందులో సగం ఉంటుంది.

‘గట్టి గోడ’ అని మురిసిపోయి అక్కడే ఆగిపోయావు. సరుకు కారిపోకుండా కాపాడిన ఆ గోడే, గమ్యం చేరాక తెరుచుకోనని మొండికేస్తుంది. కణం బుడగను మింగి ఎండోసోమ్‌లో, అంటే మింగినదాన్ని ఉంచుకునే సంచిలో, పెడుతుంది. అక్కడి నుంచి బయటపడకపోతే లైసోసోమ్‌లో, అంటే కణం జీర్ణసంచిలో, అరిగిపోవడమే. రక్తంలో 7.4 ఉన్న పీహెచ్ ఎండోసోమ్‌లో 6కు, ఇంకా కిందికి దిగుతుంది, అంటే ఆమ్లత పెరుగుతుంది. ఆ ఆమ్లత తగలగానే విడిపోయే పాలిమర్లను వెతికేది అందుకే. దీనికి ఒక పేజీ పూర్తిగా ఇవ్వు. నీ కొరియర్ డబ్బా పోలిక తీసెయ్, ఏ డబ్బా తనంతట తాను విచ్చుకోదు.

కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలలో ఉన్నవి లిపిడ్ నానోకణాలు, పాలిమర్‌సోములు కాదు. వాటిని పాలిమర్‌సోములన్న నీ వాక్యం దిద్దు.

మీ గైడుకు చూపించే ముందు ఇంట్లో మీ అత్తయ్యకు చదివి వినిపించు. ఆవిడ ‘అంటే?’ అన్న చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకో. తర్వాత నాకు పంపు. ఎలుకల్లో పనిచేసినదాన్ని మనుషుల్లో పనిచేసిందని మళ్లీ రాస్తే మాత్రం చదవకుండానే తిప్పి పంపేస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు