భయపెడుతూ నవ్వించే పుస్తకం చేతికొస్తే

అమ్మలూ,

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న గోతిక్ నవల, అదే పాత బంగళాలూ దయ్యాలతో భయపెట్టే రకం, నలభై పేజీలకే పక్కన పెట్టేశానన్నావు. "భయపడదామంటే నవ్వొస్తోంది, నవ్వుదామంటే ఒళ్లు జలదరిస్తోంది పెద్దమ్మా" అన్నావు. మరి ఆ పుస్తకం నీకు సరిగ్గానే ఎక్కుతోందే! రెండూ రానీ. ఏదో ఒకటే ఉండాలని పట్టుబట్టకు.

ముందు ఆస్కార్ వైల్డ్ 1887లో రాసిన 'ది కాంటర్‌విల్ గోస్ట్' చదువు. చిన్నది, ఒక రాత్రికి అయిపోతుంది. ఇంగ్లండ్‌లో ఓ పాత బంగళా. 1575లో మొగుడి చేతిలో చచ్చిపోయిన ఇల్లాలి నెత్తుటి మరక ఇంకా నేల మీదే ఉంటుంది. ఇల్లు కొనుక్కున్న అమెరికా వాళ్ల పెద్దబ్బాయి మరకలు పోగొట్టే మందేదో తెచ్చి రుద్దేస్తాడు. తెల్లారేసరికి మళ్లీ మరక! తర్వాత దాని రంగు మారుతుంటుంది. ఒకరోజు ఊదా, ఒకరోజు ఏకంగా ఆకుపచ్చ. తీరా చూస్తే, దయ్యం ఆ ఇంటి ఆడపిల్ల రంగుల పెట్టె ఎత్తుకెళ్లి మరక దిద్దుకుంటోంది. అక్కడ కడుపారా నవ్వు. నవ్వాక ఒక్క క్షణం ఆగు. పెళ్లాన్ని చంపింది కూడా ఆ చేతులే. ఇంకొంచెం ముందుకెళ్తే, మూడు వందల ఏళ్లుగా నిద్ర లేదని, అలసిపోయానని ఆ పిల్లతోనే చెప్పుకుంటాడు. నాకు గొంతు పట్టేసింది. అంతసేపూ నవ్వి ఉండకపోతే ఆ మాట అంతగా గుచ్చుకునేది కాదు.

బంగళా వర్ణనలు దాటేయకు. చిన్నప్పుడు గోల్కొండలో ఫతే దర్వాజా కింద నువ్వు చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో నాకు వినిపించింది, గుర్తుందా? మనిషి కనబడదు, చప్పుడు మాత్రం పక్కనే. ఈ రచయితలు తలుపులూ మెట్లూ అంత ఓపిగ్గా రాసేది అందుకే.

మెట్రోలో మాత్రం చదవకు. స్టేషన్ దాటిపోతుందేమోనన్న టెన్షన్ దయ్యాన్ని దగ్గరికి రానివ్వదు. రాత్రి అన్నాలయ్యాక, ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చో. దయ్యం మాటలు పైకి చదువు. పాపం, అతను ఎంత సీరియస్‌గా మాట్లాడుతున్నాడో నీ గొంతులోనే తెలుస్తుంది. చివరి పేజీలు ముందే చూడకు.

అది అయ్యాక నువ్వు వదిలేసిన నవల మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలెట్టు. శనివారం చిక్కడపల్లి వచ్చి నా కాపీ పట్టుకెళ్లు. ఆకుపచ్చ మరక దగ్గర పెన్సిల్ గీత ఉంటుంది.

మీ పెద్దమ్మ