డెయిన్‌ట్రీ అడవికి వెళ్లేముందు పెద్దమ్మ మాట

చిరంజీవి బిడ్డకు,

హన్మకొండ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. డిసెంబరు సెలవులకు అమ్మను, బాపును ఆస్ట్రేలియాకు, మీ బ్రిస్బేన్‌కు రప్పించుకుని, అక్కడి నుంచి కెయిర్న్స్ తీసుకెళ్లి, ఒక రోజంతా డెయిన్‌ట్రీ వర్షారణ్యం, సముద్రతీరం తిప్పాలనుకుంటున్నట్టు రాశావు. ఆలోచన చక్కగా ఉంది, నెలే బాగాలేదు. జూలైకి మార్చుకో.

డిసెంబరు నుంచి మార్చి దాకా ఉత్తర క్వీన్స్‌ల్యాండ్‌లో ముసురు. తుపానులూ అప్పుడే వస్తాయి. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను వచ్చినప్పుడు డెయిన్‌ట్రీ నదికి అవతల కొండచరియలు విరిగిపడి రోడ్డు తెగిపోయింది. జూలై అక్కడ చలికాలం. శాలువా కప్పుకునే చలి అనుకోకు, పగలు 25, 26 డిగ్రీలు ఉంటుంది. మన మే నెల ఎండలు తిన్నవాళ్లకు అంతకన్నా ఏం కావాలి! మొసళ్లను చూడడానికి కూడా అవే మంచి రోజులు. నీళ్లు చల్లబడితే అవి వెచ్చదనం కోసం బురద గట్టెక్కి ఎండకు పడుకుంటాయి. పడవ విహారం ఉన్న యాత్ర తీసుకుంటే ఆటుపోట్ల వేళలు కూడా అడుగు. నీరు తగ్గినప్పుడే ఆ గట్లు బయటపడతాయి.

అల్లుడు కారు అద్దెకు తీసుకుందామన్నాడట. బ్రిస్బేన్‌లో ఎంత బాగా నడిపినా సరే, ఆ రోజుకు వద్దని చెప్పు. కెయిర్న్స్ నుంచి, ఆ అడవి సముద్రాన్ని తాకే కేప్ ట్రిబ్యులేషన్ దాకా దాదాపు 140 కిలోమీటర్లు. సగం దారి సముద్రం అంచునే పోతుంది, ఆ పైన చెరకు తోటలు. డెయిన్‌ట్రీ నది మీద వంతెన లేదు, ఇనుప తీగ లాగే పంటు మీద బస్సులూ కార్లూ దాటాలి. నది దాటగానే సన్నటి మెలికల ఘాటు రోడ్డు, ఫోను సిగ్నలు దాదాపు ఉండదు. ఇవన్నీ అల్లుడు నెగ్గుకొస్తాడనే అనుకుందాం. అడవిలో దిగాక ఏం చూస్తారు? పాకాల, ఏటూరునాగారం అడవులకు ఏళ్ల తరబడి పిల్లలను తీసుకెళ్లి చెట్ల పేర్లు చెప్పినదాన్ని, నాకే అక్కడ గైడు చెయ్యి చూపించేదాకా సగం కనబడలేదు. మీ బాపు అయితే పది నిమిషాల్లో "అంతా చెట్లే కదా" అని బస్సు దగ్గరికి వచ్చేస్తాడు.

అందుకే యాత్రను ఎంచుకోవడంలోనే నీ తెలివి చూపించాలి. ప్రకటనల్లో మజిలీల జాబితా ఎంత పొడుగుంటే అంత గొప్ప అనిపిస్తుంది: పోర్ట్ డగ్లస్, మాస్‌మన్ గార్జ్ అనే నది లోయ, మొసళ్ల పడవ, పండ్ల తోట, ఐస్‌క్రీము, రెండు బీచులు, మూడు వ్యూ పాయింట్లు. పొద్దున ఏడింటికి హోటలు దగ్గర ఎక్కించుకుని సాయంత్రం ఆరింటికి దింపేవాళ్లు, అందులో నాలుగైదు గంటలు బస్సులోనే పోయాక, ఇన్ని ఎట్లా చూపిస్తారు? దిగడం, ఫొటో, ఎక్కడం. నువ్వు అడగాల్సినవి వేరే. బస్సులో ఎంతమంది ఉంటారు? పన్నెండు మందిలోపైతే గైడు మాట చివరివాళ్లకూ వినిపిస్తుంది, యాభై మంది బస్సులో మైకు పాఠమే గతి. అడవి లోపల నడక మొత్తం ఎంతసేపు? గంటన్నరకు తక్కువ చెబితే వదిలెయ్. మాస్‌మన్ గార్జ్‌లో అక్కడి ఆదివాసీ గైడుతో నడక ఉందా, లేక నది ఒడ్డున దింపి వదిలేస్తారా?

ఈ చివరి ప్రశ్న ముఖ్యం. ఆ నేల తూర్పు కుకు యలంజి ప్రజలది. 2021లో డెయిన్‌ట్రీ జాతీయ వనాన్ని ప్రభుత్వం అధికారికంగా వాళ్ల చేతికి తిరిగి ఇచ్చింది. వాళ్ల గైడుతో నడిస్తే మొదట పొగ వేసి అడవిలోకి స్వాగతం పలుకుతారు. మీ అమ్మకు సాంబ్రాణి గుర్తొస్తుంది, అది చాలు, ఆ పూట ఇక ఆమెకు కాళ్ల నొప్పి ఉండదు. ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుంది, ఏ ఆకు నలిపితే సబ్బులా నురగ వస్తుంది, ఏ గింజ ఎన్నాళ్లు నీళ్లలో నానేస్తే విషం పోతుంది, ఇవి వాళ్ల నోటి నుంచే వినాలి. మేడారం దారిలో కోయవాళ్లు చెప్పే సంగతులు విన్న చెవులు మనవి, తేలిగ్గానే పట్టుకుంటాయి.

అడవి గురించి కొంచెం చెబుతాను, లేకపోతే అక్కడ నిరాశ పడతారు. మన టేకు, మద్ది, తునికి మాఘం దాటేసరికి ఆకు రాల్చేస్తాయి, ఎండాకాలంలో అడవి లోపలిదాకా చూపు పోతుంది. మనకు ఏడాది మొత్తం కలిపి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన. కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర దానికి మూడింతలకు మించి పడుతుంది. పసిఫిక్ మీదుగా ఆగ్నేయం గాలి తేమను మోసుకొస్తుంది, తీరాన్ని ఆనుకునే కొండలు అడ్డు నిలుస్తాయి. అక్కడి థార్న్‌టన్ శిఖరం 1,374 మీటర్లు. గాలి పైకెక్కి చల్లబడి అక్కడే కురుస్తుంది. కాబట్టి ఆకురాలు కాలమంటూ ఉండదు, మిట్టమధ్యాహ్నం కూడా కింద నీడే. పూలూ పక్షులూ పైన కొమ్మల్లో ఉంటాయి. మెట్లెక్కగలిగితే అడవిలోని డిస్కవరీ సెంటర్‌ అనే సందర్శక కేంద్రంలో పైకొమ్మలు చూడడానికి 23 మీటర్ల గోపురం ఉంది, మోకాళ్లు సహకరించినంత వరకే ఎక్కమను.

కింద చూడాల్సింది వేర్లు. మట్టిలో సారం పైపొరలోనే ఉంటుంది కనుక వేర్లు లోతుకు పోవు, చెట్టు పడిపోకుండా మొదలు చుట్టూ పలకల్లాంటి వేర్లు నిలబడతాయి. మన దగ్గర తాటిచెట్టును మర్రి కౌగిలించుకుని పెరగడం చూశావు కదా, ఆ జాతి చెట్లే అక్కడ ఇంకా పెద్ద చెట్లను మింగేస్తాయి. లోపలి చెట్టు కుళ్లిపోయి, వేర్ల వల మాత్రం బోలుగా నిలిచినదాన్ని చూపించమని గైడును అడుగు. ఇడియోస్పెర్మమ్ గురించి కూడా అడుగు. 1902లో ఒక జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడికి దొరికి, తర్వాత జాడ లేకుండా పోయిన చెట్టు అది. 1971లో అక్కడ పశువులు చచ్చిపోతే కడుపు కోసి చూశారు, ఆ గింజలు దొరికాయి. పూల మొక్కల్లో అతి పురాతన వంశాల్లో ఒకటి మళ్లీ వెలుగులోకి వచ్చింది అట్లా! క్లాసులో ఈ కథ చెప్పినప్పుడు వెనక బెంచీ కూడా నిద్ర లేచేది.

మార్‌జా చెక్క బాట ఉన్న యాత్రకు నా ఓటు. చెక్కల మీద నడక కాబట్టి మీ అమ్మకు సులువు, పైగా ఒకే నడకలో వర్షారణ్యం పోయి మడ అడవి వస్తుంది. మనది సముద్రం లేని రాష్ట్రం, మడ చెట్లు చూడాలంటే కోరింగ దాకా వెళ్లాలి. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు గాలి పీల్చేవి, వాటిని తొక్కవద్దు.

తొక్కవద్దు, ముట్టవద్దు అనేవి అక్కడ మర్యాద కోసం చెప్పే మాటలు కావు. గుండె ఆకారపు ఆకులతో అమాయకంగా కనిపించే గింపీ గింపీ అనే మొక్క ఉంది. దాని సన్నటి గాజు నూగు చర్మంలో దిగితే నొప్పి నెలల తరబడి తిరగబెడుతుంది. మన దురదగొండి దాని ముందు ఎంత? మీ బాపుకు నడుస్తూ ఆకు తెంపి నలిపే అలవాటుంది, చేతులు వెనక్కి కట్టుకుని నడవమను. కాసోవరీ కనబడితే అదృష్టమే, కానీ దగ్గరికి పోవద్దు. మనిషంత ఎత్తు పక్షి, లోపలి వేలికి దాదాపు 12 సెంటీమీటర్ల గోరు. ఎదురొస్తే పరుగెత్తకుండా, సంచి ముందు పట్టుకుని, దాన్ని చూస్తూనే మెల్లగా వెనక్కి జరగాలి. తినడానికి ఏమీ వెయ్యకూడదు. గుడ్లు పొదిగేదీ పిల్లలను పెంచేదీ మగ పక్షేనని మీ అమ్మ వినేట్టు చెప్పు.

ఇక తీరం. కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర అడవి ఇసుక దాకా వచ్చి ఆగుతుంది. ఇటు అడవికి 1988లో, అటు సముద్రంలోని గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బలకు 1981లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఈ రెండూ కలిసేది ఇక్కడే. ట్రిబ్యులేషన్ అంటే కష్టం. 1770లో ఇంగ్లండు నావికుడు కెప్టెన్ కుక్ ఓడ పగడపు దిబ్బకు తగులుకుంటే, తన కష్టాలు ఇక్కడ మొదలయ్యాయని ఆయన ఈ పేరు పెట్టాడు. అంతకు ముందు నుంచీ కుకు యలంజి వాళ్లకు అది కుల్కి. కాళేశ్వరంలో గోదావరి కనబడితే మూడు మునకలు వెయ్యనిదే కదలని మనిషి మీ బాపు. ఇక్కడ కాలు కూడా తడపనియ్యకు. వాగులు సముద్రంలో కలిసే చోట్ల ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి, నీటి అంచుకు కనీసం ఐదు మీటర్లు ఎడంగా ఉండాలి. హెచ్చరిక బోర్డు లేదంటే మొసలి లేదని కాదు. నవంబరు నుంచి మే దాకా అయితే ప్రాణం తీసే బాక్స్ జెల్లీఫిష్ కూడా. ఈత కొట్టాలని ఉంటే గైడు చూపించిన మంచినీటి వాగులో, గైడు సరేనంటేనే.

బట్టలకు పెద్ద హంగామా అక్కర్లేదు. పలుచని పొడుగు చేతుల చొక్కాలు, మేజోళ్లు, జారని బూట్లు, దోమల మందు, జూలై అయినా ఒక వాన కోటు. చీర మీద బూట్లు బాగుండవని మీ అమ్మ మొండికేస్తుంది, సల్వార్ కుట్టించుకోమని నేను ఇక్కడే చెబుతాను. ఘాటు రోడ్డులో ఆమెకు కడుపు తిప్పుతుంది, ముందు సీట్లు బుకింగ్ సమయంలోనే అడిగిపెట్టు. శాకాహారమని కూడా అప్పుడే రాయి, లేకపోతే మధ్యాహ్నం కాల్చిన మాంసం పక్కన ఆకులు పెడతారు. మరుసటి రోజు పగడపు దిబ్బల పడవ పెట్టుకోకు, ఒక రోజు విశ్రాంతి ఇవ్వు. గైడుకు బక్షీసు ఇవ్వాలా అని మీ బాపు అడుగుతాడు, ఆ దేశంలో అది రివాజు కాదు.

సకినాలు, గారెలు కట్టించి పంపుతాను. విమానంలో ఇచ్చే పత్రంలో తిండి పదార్థాలున్నాయని తప్పకుండా గుర్తు పెట్టించు. దాచి దొరికితే జరిమానా భారీగా ఉంటుంది. పచ్చి కరివేపాకు, విత్తనాలు సంచిలో పెట్టకుండా నేను దగ్గరుండి చూస్తాను. తిరుగు ప్రయాణంలో అడవి గింజ ఒక్కటీ తేవద్దు, నా కోసమైనా సరే.

నీకు నచ్చిన రెండు మూడు యాత్రల వివరాలు డబ్బు కట్టేముందు వాట్సాప్‌లో పంపు, చూసి చెబుతాను. ఫోను చేయాలంటే మీ మధ్యాహ్నం మూడు తర్వాత చెయ్యి, మాకు అప్పుడు పదిన్నర, వంట పని అయిపోయి ఉంటుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ