ఊఁ అంటారు, వినరు!

ప్రశ్న: మేడమ్, మావారు చెడ్డవారేం కాదు, తాగుడూ తిరుగుడూ లేవు. కానీ రాత్రి అన్నం తిన్నాక సోఫాలో వాలి రీల్స్ మొదలుపెడితే ఇక ఫోన్ దించరు. నేనేదన్నా చెబుతుంటే "ఊఁ, చెప్పు" అంటారు, బొటనవేలు మాత్రం ఆగదు. పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ శనివారం అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తీరా ఆ పొద్దున "నాకెప్పుడు చెప్పావ్?" అన్నారు. పెద్ద గొడవైంది. ఆయనకు నిజంగా వినపడలేదా, నేనంటే లెక్కలేకనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వినపడే ఉంటుంది, బుర్రకెక్కి ఉండదు. మీ మాట వినడానికీ రీల్‌లో వాగేవాణ్ని వినడానికీ కావలసిన ధ్యాస ఒక్కటే, అది ఒకేసారి రెండు చోట్లా ఉండలేక అటూ ఇటూ గెంతుతుంటుంది, గెంతిన ప్రతిసారీ కొంత జారిపోతుంది. మీ శనివారం అలా జారిందే. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి మారితే ధ్యాసలో కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. అందుకే ఆయన ఫోన్ పక్కన పెట్టీపెట్టగానే ముఖ్యమైన సంగతి చెప్పేయకండి, కాసేపు పిచ్చాపాటీ అయ్యాక చెప్పండి.

లెక్కలేకనా అంటే, అంత దూరం వెళ్లకండి. పేపర్‌కి ఆఖరి పేజీ ఉంటుంది, సీరియల్‌కి ఆ రోజు ఎపిసోడ్ అయిపోతుంది, రీల్స్‌కి 'ఇక చాలు' అనే చోటే ఉండదు. ఈ అంతులేని స్క్రోలింగ్‌ను 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్, ఎందుకు చేశానా అని తర్వాత తానే బాధపడ్డాడు. పైగా వచ్చే రీల్ బాగుంటుందో లేదో తెలియదు, ఆ తెలియకపోవడమే లాగుతుంది. అలాగని మీవారిని వెనకేసుకు రావడం లేదు, పాప మీటింగ్ విషయంలో సారీ ఆయనే చెప్పాలి.

రోజూ పోరుపెడితే లాభం లేదు. ముందు ఛార్జర్‌ను సోఫా పక్కనుంచి తీసి వంటింట్లో పెట్టండి. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ల ప్రయోగంలో (2017) ఫోన్‌ను బల్లమీద పెట్టుకున్నవాళ్లకంటే వేరే గదిలో వదిలొచ్చినవాళ్లు పరీక్షలు మెరుగ్గా చేశారు. తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదనుకోండి, అయినా ఫోన్ కోసం లేచి వెళ్లాలంటే బద్ధకం మీకే సాయం చేస్తుంది. ఏమనుకోకపోతే ఒకటి అడుగుతాను, ఆయన మాట్లాడేటప్పుడు మీ ఫోన్ ఎక్కడుంటుంది?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి నా వాట్సాప్ మెసేజ్ చూస్తాడు, నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. మనసు చివుక్కుమంటోంది.
– రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: మాస్టారూ, ఈ నీలం టిక్కులు 2014 నవంబర్‌లో వచ్చాయి. అంతకుముందు మీ అబ్బాయి చూశాడో లేదో తెలిసేది కాదు, మీకీ బెంగా ఉండేది కాదు. టిక్కు పడిందంటే తెరిచాడనే, తీరిగ్గా చదివాడని కాదు. ఏ మీటింగ్‌లోనో ఉండి తెరిచుంటాడు. సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి రీడ్ రిసీట్స్ ఆపేస్తే మీకూ కనపడవు, ఇతరులకూ మీవి కనపడవు. ఆదివారం ఇద్దరికీ కుదిరే వేళ ఒకటి అనుకుని ఫోన్లోనే మాట్లాడుకోండి. ఇంకోమాట, పొద్దున్నే పంపే శుభోదయం బొమ్మల మధ్య "ఒంట్లో బాగుందా నాన్నా" అన్న మెసేజ్ ఉంటే ఎవరికీ కనపడదు. దాన్ని విడిగా పంపండి.