బడి గోడకి రంగు సరే, లోపల టీచర్లు ఎంతమంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం బడుల గురించే ఉన్నాయి. అందుకని అత్తాకోడళ్ళ గొడవలు ఈసారికి పక్కన పెట్టేశా, వాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఇద్దరు పిల్లలకీ తల్లికి వందనం పథకం డబ్బు పడింది. ఆ డబ్బుతో ఇద్దర్నీ కాన్వెంట్‌లో వేసేద్దామంటున్నారు మా ఆయన. ప్రభుత్వ బడి బాగు కోసం ఇచ్చిన డబ్బుని అటు పట్టుకెళ్ళి పోస్తున్నామేమో అని నాకు ఒకటే పీకుతోంది. (ఒక తల్లి, పాలకొల్లు)

జవాబు: పీకించుకోకండి అమ్మా, అది బడి డబ్బు కాదు, మీ డబ్బే. 2020 జనవరిలో అమ్మఒడి మొదలైనప్పుడు ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఏడాదికి ఒక్కసారే 15 వేలు, 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చాక చదివే ప్రతి బిడ్డకీ అన్నారు, అందులో 13 వేలు మీ ఖాతాకి, 2 వేలు బడి మెయింటెనెన్స్‌కి. రెండు పథకాల్లోనూ ప్రైవేట్ బడి పిల్లలకి కూడా ఉంది. ఇంటికి మంచి సాయమే, కాదనను, యూనిఫాం కుట్టుకూలికీ చెప్పులకీ తడుముకునే ఇళ్ళు నాకు తెలుసు. నా పేచీ ఎక్కడంటే, మైకు ముందు "చదువుకి ఇన్ని వేల కోట్లు పెట్టాం" అన్నప్పుడు ఈ మొత్తం కూడా అందులో కలిపేస్తారు, ఏ పార్టీ అయినా అంతే. బడికి ఎంత, ఖాతాలకి ఎంత అని విడగొట్టి చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతారు. కాన్వెంట్ సంగతంటారా, ఆ 26 వేలు బస్సు ఫీజుతో కలిపి ఎన్నాళ్ళు వస్తాయో లెక్కేసుకోండి ముందు.

ప్రశ్న: మేడమ్, మా ఊరి బడికి ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకంలో టైల్స్ వేశారు, ఫ్యాన్లు పెట్టారు, బొమ్మలు వేశారు, అయినా పిల్లలు ఏటా తగ్గిపోతున్నారు. ఓట్లకి వచ్చే నాయకుణ్ణి బడి గురించి ఒక్క ప్రశ్నే అడగాలంటే ఏం అడగాలి? (కొత్త ఓటరు, నర్సీపట్నం దగ్గర)

జవాబు: క్లాసుకో టీచర్ ఎప్పుడిస్తారు అని అడుగు తమ్ముడూ, ఇంకేం వద్దు.

నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులు బాగుచేశారు, నీళ్ళొచ్చే బాత్రూం వచ్చిందంటే పెద్ద క్లాసు ఆడపిల్లలకి అదెంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. కానీ మా మండలంలో ఒక బడికి వెళ్ళా ఈమధ్య, గోడలు తళతళ, ఐదు క్లాసులకి ఇద్దరు టీచర్లు, అందులో ఒకావిడ ఆరోజు ట్రైనింగ్‌కి వెళ్ళారు. ఉన్న ఒక్క మాస్టారూ ఒకటో క్లాసు పిల్లాడు అమ్మ కావాలని ఏడుస్తుంటే చంకనేసుకుని, మూడో క్లాసుకి ఎక్కాలు రాయమని చెప్పి, ఫోన్ పట్టుకుని మధ్యాహ్న భోజనం వివరాలు యాప్‌లో ఎక్కిస్తున్నారు, నెట్ రాక వరండా చివరికి వెళ్ళి చెయ్యి పైకెత్తి నిలబడ్డారు పాపం. ఐదో క్లాసు పిల్లలు వాళ్ళకి వాళ్ళే చదువుకుంటున్నారు, అంటే కబుర్లు చెప్పుకుంటున్నారు.

ఇది ఎవరో లంచం తిని చేసింది కాదు, లెక్కే అలా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు చాలు, అది తలల లెక్క, క్లాసుల లెక్క కాదు. పిల్లలు తగ్గితే టీచర్‌ని తీసేస్తారు, టీచర్ తగ్గితే ఇంకో పదిమంది కాన్వెంట్ బస్సెక్కుతారు, మళ్ళీ టీచర్ తగ్గుతారు. దీనికితోడు 2022లో జీవో 117 తెచ్చి 3, 4, 5 క్లాసుల్ని కిలోమీటరు లోపు హైస్కూళ్ళలో కలిపారు, సబ్జెక్టు టీచర్ దొరుకుతారన్న ఆలోచన మంచిదే, కానీ ఊళ్ళో మిగిలిన ఒకటి రెండు క్లాసుల బడి వెలవెలబోయింది. 2025లో ఆ జీవో పోయింది, విద్యాశాఖ మంత్రి లోకేశ్ గారి శాఖ క్లాసుకో టీచర్ ఉండేలా మోడల్ ప్రైమరీ బడులు పెట్టింది, ఇది సరైన దారే అంటా. కాకపోతే మోడల్ కాని బడుల మాటేంటి? 16,347 టీచర్ పోస్టులు నింపే మెగా డీఎస్సీకి 2024 జూన్‌లో చంద్రబాబు గారు మొదటి సంతకం పెట్టారు, కొత్తవాళ్ళు చేతికి ఆర్డర్లు తీసుకునేసరికి 2025 సెప్టెంబరు. దానికి ముందు నోటిఫికేషన్ ఇచ్చి పూర్తి చేసింది 2018 డీఎస్సీ. అన్నేళ్ళ గ్యాప్‌లో రిటైరైన వాళ్ళ కుర్చీలు ఏమయ్యాయో చూస్తే నీ ప్రశ్నకి జవాబు సగం అక్కడే ఉంది.

ప్రశ్న: ఇంగ్లీష్ మీడియమా తెలుగు మీడియమా, తేల్చి చెప్పండి మేడమ్. (ఒక మాస్టారు, అనంతపురం)

జవాబు: మీకు తెలీనిదా మాస్టారూ. 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం పెడుతూ జీవో 81 తెచ్చారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, తల్లిదండ్రులు మాత్రం ఇంగ్లీషే కావాలన్నారు, వాళ్ళని తప్పు పట్టను. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు చేతిలోనే ఉన్నాయిగా, రెండు పేజీలూ చదవగలిగేలా చెయ్యడానికి మళ్ళీ మనిషే కావాలి.

ప్రశ్న: తెలంగాణలో పెద్ద పెద్ద రెసిడెన్షియల్ స్కూళ్ళు కడుతున్నారు, ఇది నయం కదా? (హైదరాబాద్ నుంచి ఒకరు)

జవాబు: పి.వి. నరసింహారావు గారి చొరవతో 1971లో తెలంగాణలోని సర్వేల్‌లో గురుకులం, అంటే రెసిడెన్షియల్ స్కూలు, వచ్చింది, బాగా నడిచింది, చాలామంది జీవితాలు నిలబెట్టింది. ఆ రుచి మరిగి అప్పట్నుంచీ నాయకులందరికీ గురుకులాలంటేనే ముద్దు. దానికి శంకుస్థాపన చెయ్యొచ్చు, రిబ్బన్ కట్ చెయ్యొచ్చు. ఊళ్ళో రెండు గదుల బడికి మూడో టీచర్‌ని వేస్తే ఫోటో ఏం వస్తుంది చెప్పండి? సీటు దొరికిన పిల్ల అదృష్టవంతురాలే, దొరకని పిల్ల మాత్రం ఆ రెండు గదుల దగ్గరికే వెళ్తుంది.

ప్రశ్న: మీరే విద్యాశాఖ మంత్రి అయితే? (కొంటె కుర్రాడు, తెనాలి)

జవాబు: మొదటి సంతకం టీచర్ల ఫోన్లలో యాప్‌లు తీసేసే ఫైలు మీద పెడతా. రెండో సంతకం అడక్కు, అప్పటికి నన్ను దింపేసి ఉంటారు.