కళ్లకు గంతలు కట్టుకుని చదివేస్తున్నాడు.. నమ్మాలా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. సెలవుల్లో పాతిక వేలు కట్టి, మెదడు మధ్యభాగాన్ని నిద్రలేపుతామనే మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసులో చేర్పించాం. ఇప్పుడు కళ్లకు గంతలు కట్టినా పేపరు చదివేస్తున్నాడు. ఇంటికెవరొచ్చినా మావారు వాడితో చేయించి చూపిస్తున్నారు. ఈమధ్య చుట్టాలొస్తున్నారంటే చాలు, కడుపునొప్పి అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. - ఓ తల్లి

జవాబు: నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ కడుపునొప్పి. ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. అయితే చుట్టాలొచ్చే ముందే వస్తోందంటే, దొరికిపోతానేమోనన్న భయమే కారణం కావచ్చు.

బాబు చదివేటప్పుడు పక్కన కూర్చుని గమనించండి. తల కాస్త వెనక్కి వాలుస్తాడు, పేపరును ముక్కు కిందికి తెచ్చుకుంటాడు. గంత ఎంత బిగించినా ముక్కుకు రెండు పక్కలా సన్నటి సందు మిగులుతుంది. చదవడానికి అది చాలు. అదే పేపరును నెత్తి మీద పట్టుకుంటే చదవలేడు. ఇక మిడ్ బ్రెయిన్ అంటారా, వెలుతురుకు కంటిపాప చిన్నదవడం, కళ్లు అటూ ఇటూ తిప్పడం లాంటి పనులు పుట్టినప్పటి నుంచీ చూసుకుంటూనే ఉంది. కొత్తగా ఎవరూ నిద్రలేపక్కర్లేదు.

అలాగని బాబును అబద్ధాలకోరు అనకండి. సందులోంచి కనిపించింది చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న ముఖం వెలిగిపోయింది. ఇక కాదని ఎలా చెబుతాడు, పసివాడు?

మీవారిదీ అమాయకత్వం అనుకోను. డబ్బు కట్టారు, కన్నబిడ్డ, పైగా కళ్లారా చూశారు. అలాంటప్పుడు సరిగ్గా చెప్పినవే గుర్తుంటాయి, తప్పులన్నీ ‘ఇవాళ ఏకాగ్రత కుదర్లేదు’లో కలిసిపోతాయి. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని చదువుకున్నవాళ్లే నమ్మారు. గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. 1904లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు పరీక్షించి చూస్తే, సరైన అంకె దగ్గర అడిగినవాళ్ల తలలో తెలియకుండా వచ్చే చిన్న కదలికను పట్టి ఆగుతోందని తేలింది. అడిగేవాళ్లకే జవాబు తెలియకపోతే అదీ చెప్పలేకపోయింది. యజమాని మాత్రం మోసగాడు కాదు, మనస్ఫూర్తిగా నమ్మాడు. మీవారితో ఈ కథతోనే మొదలుపెట్టండి, బాబు ఇంట్లో లేనప్పుడు.

తర్వాత ఇద్దరూ కలిసి వాడితో, ‘కింది నుంచి కనిపించినా తప్పేం లేదు నాన్నా, ఇక ఇది చేయక్కర్లేదు’ అనండి. ఒప్పుకోమని నిలదీయకండి, అందరి ముందూ పరీక్ష పెట్టకండి. గంతలతో సైకిల్ తొక్కించే ఆలోచన ఎవరికున్నా వెంటనే ఆపేయండి. తర్వాతి లెవెల్ అంటూ ఫీజు అడిగితే కట్టొద్దు. చుట్టాలు అడిగితే మానేశాడని చెప్పండి, చాలు.