ఒంగోలులో కూర్చుని ఫెమినిస్ట్ పంక్ వినే అమ్మాయికి

"ఒంగోలులో డిగ్రీ చదువుతున్నా, ఫెమినిస్ట్ పంక్ అంటే పిచ్చి, ఇంట్లో వాళ్ళకి అది గోల, ఫ్రెండ్స్‌కి ఫారిన్ వేషం, నాకా గిటార్ కూడా రాదు, దీన్ని ఇష్టపడి మన దగ్గర ఏం చేయొచ్చు అక్కలూ" అని అడిగావు. అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. నాది కావలి వైపు పల్లె, ఇప్పుడు నెల్లూరులో ఎం.ఏ. చదువుతున్నా. ఇంటర్ హాస్టల్లో అంటుకుంది ఈ పిచ్చి, ఇంకా వదల్లేదు.

గిటార్ రాదన్న దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే దాన్ని నువ్వు ఏదో లోపంలా రాశావు. పంక్ అంటే గట్టిగా, వేగంగా, కోపంగా సాగే రాక్ సంగీతం, ఫెమినిస్ట్ పంక్ అంటే అందులో ఆడవాళ్ళు తమ గొడవలు పెట్టి పాడుకునేది. ఈ సంగీతం పుట్టిందే వాయించడం రానివాళ్ళ దగ్గర. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపియా అని చిన్న ఊరుంది. అక్కడ 1991 ఫిబ్రవరి 14న బ్రాట్‌మొబైల్ అనే అమ్మాయిల బ్యాండ్ మొదటిసారి స్టేజీ ఎక్కింది. అంతకు ముందు సంగతేంటంటే అలిసన్ వోల్ఫ్, మాలీ న్యూమన్ అనే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు మాకో బ్యాండ్ ఉందని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేవాళ్ళు, నిజానికి పేరు తప్ప ఏమీ లేదు. కె రికార్డ్స్ అనే పాటల కంపెనీ నడిపే కాల్విన్ జాన్సన్ ఫోన్ చేసి, అయితే ఫలానా రోజు వచ్చి వాయించండి అన్నాడు. ఇక తప్పించుకునే దారి లేక హడావిడిగా పాటలు కట్టుకుని వెళ్ళారు. అంతకు చాలా ముందే, 1976లో, లండన్‌లో ద స్లిట్స్ అనే అమ్మాయిల బ్యాండ్ మొదలైనప్పుడు వాళ్ళ గాయని ఆరి అప్‌కి 14 ఏళ్ళు, అంటే మన తొమ్మిదో తరగతి. ఎక్స్-రే స్పెక్స్ అనే బ్యాండ్‌లో పాడిన పాలీ స్టైరీన్ తండ్రి సోమాలియా వాడు, తల్లి బ్రిటిష్ మనిషి. పళ్ళకి క్లిప్పులు పెట్టుకునే 1977లో మైకు ముందు నిలబడి చెవులు చిల్లులు పడేలా అరిచింది. "గొంతు బాగుంటే పాడు" అని ఎవరూ పర్మిషన్ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

నన్ను పట్టుకున్నది అదే, ఆ అరుపు. మన ఇళ్ళల్లో ఆడపిల్ల పాడితే అందరికీ సంతోషమే, కానీ ఎలాంటి పాట? కీర్తన, లాలిపాట, లేదంటే టీవీ షోలో జడ్జీలు కళ్ళు తుడుచుకునే మెలోడీ. కోపంగా ఉన్న పాట ఆడపిల్ల నోట్లోంచి వస్తే ఏమైంది నీకు అంటారు. మా హాస్టల్లో స్టడీ అవర్లో నవ్వినా వార్డెన్ వచ్చేది. అలాంటి చోట దుప్పటి కింద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బికినీ కిల్ అనే బ్యాండ్‌లో కేథ్లీన్ హాన్నా పాడేది మొదటిసారి విన్నప్పుడు ఇంగ్లీషు సగం అర్థం కాలేదు, అర్థం కానవసరమూ లేకపోయింది. తర్వాత చదివి తెలుసుకున్నా, ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళ షెల్టర్‌లో ఆమె వాలంటీర్‌గా పనిచేసిందని. ముందు స్టేజీ మీద కవితలు చదివేదట, వాటికి ఎవరూ రారు, బ్యాండ్ పెట్టు, వింటారు అని కేథీ ఆకర్ అనే రచయిత్రి చెప్పిందట. చాలా ప్రాక్టికల్ సలహా.

ఈ అమెరికా అమ్మాయిల బ్యాండ్‌ల చుట్టూ పుట్టి రయట్ గర్ల్ అని పేరుపడ్డ ఉద్యమంలో సంగీతం సగమే. మిగతా సగం వాళ్ళ పద్ధతులు, నాకు పాటల కన్నా అవే ఎక్కువ పనికొచ్చాయి. అప్పటి పంక్ షోల్లో స్టేజీ ముందు మగపిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ గెంతేవాళ్ళు, అమ్మాయిలు నలిగిపోయి వెనక గోడకి చేరేవాళ్ళు. బికినీ కిల్ వాళ్ళు పాట ఆపి మరీ అమ్మాయిలు ముందుకి రండి, అబ్బాయిలు వెనక్కి జరగండి అనేవాళ్ళు, పాటలు రాసిన కాగితాలు అమ్మాయిలకి పంచేవాళ్ళు. మగాళ్ళు తిట్టే మాటలనే మార్కర్‌తో తమ పొట్ట మీద, చేతుల మీద రాసుకుని స్టేజీ ఎక్కేవాళ్ళు, నువ్వు అనేలోపే నేను రాసుకున్నా, ఇంకేమంటావు అన్నట్టు. (రొట్టెల పండగ రోజుల్లో బస్సులో నిలబడి ప్రయాణం చేసిన ప్రతి అమ్మాయికీ ఆ "వెనక్కి జరగండి" ఎంత పెద్ద మాటో తెలుసు.) వారం వారం ఒకచోట కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు, అబ్బాయిలకి ప్రవేశం లేదు. ఇవి కాక జీన్‌లు. అంటే చేత్తో రాసి, బొమ్మలు కత్తిరించి అంటించి, జిరాక్స్ తీసి, స్టేప్లర్ కొట్టి పంచుకునే చిన్న పత్రికలు. జిగ్‌సా, గర్ల్ జర్మ్స్ అలాంటివే. 1991 వేసవిలో వాషింగ్టన్ డి.సి.లో తెచ్చిన రయట్ గర్ల్ సంచికల కోసం ఒక అమెరికా కాంగ్రెస్ (అంటే వాళ్ళ పార్లమెంటు) సభ్యుడి ఆఫీసు జిరాక్స్ మెషీన్ కూడా వాడుకున్నారు. అంత చెత్త ప్రింటు కాగితాలు ఇప్పుడు న్యూయార్క్ యూనివర్సిటీ ఫేల్స్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, పరిశోధన చేసేవాళ్ళు వెళ్ళి చదువుకుంటున్నారు.

ఇక ఫారిన్ వేషం అన్నవాళ్ళ సంగతి. ఆ తేదీలు ఒకసారి చూడు. 1991. సరిగ్గా అదే ఏడాది మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది, సాయంత్రం పూట పల్లెల్లో ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చుంటున్నారు, కళాజాతాల వాళ్ళు ఊరూరా తిరిగి పాటలు పాడుతున్నారు. దూబగుంటలో ఆడవాళ్ళు కలిసి సారా అంగడి మూయించారు. ఆ కథ "ఆడవాళ్ళు ఏకమైతే" అని వాచకంలో పాఠంగా వచ్చింది, అది చదివి పక్క ఊళ్ళవాళ్ళు, వాళ్ళని చూసి ఇంకో ఊరివాళ్ళు చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని బయలుదేరారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్, 1995లో మొత్తం మద్యనిషేధం. అది రెండేళ్ళకే ఎత్తేశారు, అది వేరే బాధ. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు మన పిల్లలకి తెలియకుండా కేథ్లీన్ హాన్నా పేరు తెలియడం కొంచెం సిగ్గుగానే ఉంటుంది, కానీ నాకు రెండోదాని వల్లే మొదటిది తెలిసింది కాబట్టి ఎవరినీ తిట్టలేను.

రెండూ ఒకటే అని మాత్రం అనను. అక్కడివాళ్ళు ఎక్కువగా కాలేజీ పిల్లలు, తిండికి లోటు లేనివాళ్ళు. ఇక్కడివాళ్ళు కూలి డబ్బులు మొగుడు సారా ప్యాకెట్లకి తగలేస్తే పిల్లలకి ఏం పెట్టాలో తెలియనివాళ్ళు. కానీ సన్నటి పుస్తకంలో ఒక ఊరి ఆడవాళ్ళ కథ చదివి ఇంకో ఊరి ఆడవాళ్ళు "మేమూ చేయొచ్చు కదా" అనుకోవడం ఉందే, ఆ పని రెండుచోట్లా ఒకేలా జరిగింది. మా అమ్మమ్మ వాళ్ళది కలిగిరి పక్క పల్లె, ఆ రోజుల్లో ఆమె కూడా ఆ గుంపులో నడిచింది. పోయిన సంక్రాంతికి ఫోన్లో బికినీ కిల్ పాట పెట్టి వినిపించా, ఏమంటుందో చూద్దామని. కాసేపు విని "ఎవుర్ని తిడతా ఉండాదే ఆ పిల్ల, తాగొచ్చినాడా మొగుడు?" అంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు ఆమెకి. మా అమ్మ మాత్రం వంటింట్లోంచి ఆ గోల ఆపమే అని కేకేసింది, ఆ కేక పాట కన్నా గట్టిగా ఉంది.

నీకు నచ్చని విషయం కూడా చెప్పాలి. రయట్ గర్ల్‌లో తెల్లపిల్లల గొంతే ఎక్కువ వినిపించింది. నల్లజాతి, ఆసియా అమ్మాయిలు మా గొడవలు మీ మీటింగుల్లో ఎందుకు లేవని అప్పుడే అడిగారు. రామ్‌దాషా బిక్సీమ్ అనే నల్లజాతి అమ్మాయి గంక్ అనే తన జీన్‌లో దీని గురించే రాసింది. వియత్నాం మూలాలున్న మిమి థి న్గుయెన్ 1997లో తెల్లవాళ్ళు కాని పంక్‌ల రాతలు కలిపి ఒక సంకలనమే తెచ్చింది. మన దగ్గర జాతి స్థానంలో కులం పెట్టుకుని చదువుకోవాలి ఇవన్నీ. మా క్లాసులో నలుగురం కలిసి కల్చరల్స్‌లో ఏదైనా చేద్దామనుకున్నప్పుడు డ్రమ్స్ లేవు కదా, డప్పు పెడదాం, మస్తు రఫ్‌గా ఉంటుంది అంది ఒకమ్మాయి. ఇంకో అమ్మాయి వాళ్ళ తాత డప్పు కొట్టేవాడు. "చావుకి పిలిస్తే వెళ్ళి కొట్టాల్సిందే, కొట్టనంటే ఊళ్ళో ఉండనివ్వరు, మా నాన్న చదువుకుని దాన్నుంచి బయటపడ్డాడు, నీకిప్పుడు అది స్టైలా" అని అడిగింది. గది నిశ్శబ్దం అయిపోయింది. తర్వాత నెలకి ఆ అమ్మాయే వాళ్ళ తాత దగ్గర డప్పు దెబ్బ నేర్చుకుని వచ్చింది, కానీ ఎప్పుడు కొట్టాలో ఎక్కడ కొట్టాలో తనే చెబుతుంది, మేం కాదు. ఆ కల్చరల్స్ వాళ్ళు చివరికి మా పాట తీసేసి మమ్మల్ని స్వాగత నృత్యానికి పూలు చల్లమన్నారనుకో. మేం చల్లలేదు.

ఇంకొకటి, దీన్ని వేషంగా మార్చడం చాలా తేలిక, మార్చేశారు కూడా. 1992కల్లా పెద్ద పత్రికలు వీళ్ళ బట్టల మీద, జుట్టు మీద రాయడం మొదలుపెట్టాయి, చెప్పని మాటలు చెప్పినట్టు రాశాయి, దాంతో చాలామంది అసలు విలేకరులతోనే మాట్లాడం అని తీర్మానించుకున్నారు. బికినీ కిల్ వాళ్ళు 1991లో తమ జీన్ మీద వేసుకున్న "గర్ల్ పవర్" అనే మాట 1996లో స్పైస్ గర్ల్స్‌తో ప్రపంచమంతా తిరిగింది, ఈసారి టీషర్టుల మీద. నల్ల ఐలైనర్, చైన్లు, బూట్లు ఇష్టమైతే వేసుకో, మే నెల ఒంగోలు ఎండలో లెదర్ జాకెట్ మాత్రం వద్దు, చచ్చిపోతావు.

పైగా ఇది తొంభైల్లోనే ఆగిపోలేదు. 2012 ఫిబ్రవరిలో పుస్సీ రయట్ అనే రష్యా బృందం అమ్మాయిలు ముసుగులు వేసుకుని మాస్కోలో పెద్ద చర్చిలో పాడినందుకు ముగ్గురికి రెండేళ్ళ జైలుశిక్ష పడింది. 2021లో లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీలో లిండా లిండాస్ అనే అమ్మాయిల బ్యాండ్ పాడిన వీడియో చూసే ఉంటావు, డ్రమ్స్ కొట్టిన పిల్లకి అప్పుడు పదేళ్ళు, క్లాసులో ఒక అబ్బాయి "చైనా వాళ్ళకి దూరంగా ఉండమన్నాడు మా నాన్న" అని ఆ పిల్లతో అన్నాడని ఆ పాట కట్టారు. అన్నిచోట్లా చప్పట్లే పడవు. శ్రీనగర్‌లో ముగ్గురు పదో తరగతి పిల్లలు ప్రగాష్ అని బ్యాండ్ పెట్టి 2012 డిసెంబరులో ఒక పోటీలో బహుమతి గెలిచారు, 2013 ఫిబ్రవరికల్లా ఆన్‌లైన్ బెదిరింపులు, మతపెద్ద ఫత్వా వచ్చి మానేశారు. అందుకే చెబుతున్నా, ముఖం కనిపించే వీడియో పెట్టేముందు మీ బంధువుల వాట్సాప్ గ్రూపు గురించి ఒక నిమిషం ఆలోచించు. భయపడమని కాదు, ఎవరికి ముందు చూపించాలో నువ్వే ఎంచుకో.

అందుకే నా ఓటు ముందు లిఖిత పత్రికకి, అంటే పైన చెప్పిన జీన్‌కి, బ్యాండ్ తర్వాత. ఎ4 కాగితాలు నాలుగు మధ్యకి మడిస్తే పదహారు పేజీలు వస్తాయి. పై కాగితానికి ఒక వైపు 16, 1 పేజీలు, వెనక వైపు 2, 15 పేజీలు పడాలి, ముందే ఒక డమ్మీ మడిచి నంబర్లు వేసుకో, లేకపోతే షాపులో తికమక అవుతుంది. నల్ల ఇంకుతోనే రాయి, పెన్సిల్, నీలం ఇంకు జిరాక్స్‌లో పేలవంగా వస్తాయి. అంచుల్లో అర అంగుళం వదులు, మెషీన్ అంచు మింగేస్తుంది. బ్యాక్ టు బ్యాక్ అని గట్టిగా చెప్పు. కాలేజీ ఎదురుగా ఉన్న షాపులో తీయించకు, ఆ అన్న చదివి మీ లెక్చరర్‌కి చెబుతాడు, బస్టాండు వైపు వెళ్ళు. ఏం రాయాలి అంటావేమో, హాస్టల్ గేటు టైమింగులు, షేర్ ఆటోలో మోచేతులు, కట్నం లెక్కలు, పీరియడ్స్ అప్పుడు ఇంట్లో ఎక్కడ కూర్చోబెడతారు, పది మంది అమ్మాయిల్ని అడిగితే రెండు సంచికలకి సరిపోతుంది. పేర్లు వేయకు.

పాటకి వస్తే, గిటార్ మీద రెండు వేళ్ళతో పట్టే పవర్ కార్డ్‌లు (రెండు మూడు తీగలు ఒకేసారి మోగించే తేలిక పట్లు) మూడు నేర్చుకో, యూట్యూబ్ చాలు, సెకండ్ హ్యాండ్ అకౌస్టిక్ గిటార్ చాలు. తెలుగులోనే రాయి, చిన్న వాక్యాలు, ప్రాస కోసం తంటాలు పడకు. వినడానికైతే మొదట ద రెయిన్‌కోట్స్ అనే బ్యాండ్ 1979 ఆల్బమ్ విను, ఒకరికొకరు సరిగ్గా కలవని వాద్యాలతో ఎంత బాగుంటుందో తెలుస్తుంది. తర్వాత బికినీ కిల్. ఆ తర్వాత స్లీటర్-కిన్నీ అనే బ్యాండ్ పాటలు, తొంభైల నాటివి, వాళ్ళ దగ్గర బాస్ గిటార్ లేదు, రెండు గిటార్లు, డ్రమ్స్, అంతే. కాబట్టి బాస్ వాయించేవాళ్ళు ఒంగోలులో దొరకలేదని ఆగక్కర్లేదు. మడతల లెక్క అర్థం కాకపోతే కింద అడుగు, సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఫోటో తీసి పెడతా.